తెల్లవారుజామున కల, ఆ వెంటనే ఫోన్

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన ఎనిమిది నెలల కిందట దుబాయ్ వెళ్లాడు, బిల్డింగు పని. ఒకసారి వీడియో కాల్‌లో తను ఎక్కే పరంజా చూపించాడు. అప్పటి నుంచి తెల్లవారుజామున దాని మీద నుంచి పడిపోయినట్టు కల. మెలకువ వచ్చినా కాసేపు కాళ్లూ చేతులూ కదలవు. ఆ టైమ్‌లో వచ్చిన కల నిజమవుతుందని మా అత్తమ్మ అంటుంది. భయమేసి వెంటనే ఫోన్ చేస్తే ఆయన కోప్పడుతున్నాడు.

జవాబు: అమ్మా, ఆ కలకీ ఆయన ప్రాణానికీ ఏ సంబంధమూ లేదు. తెల్లవారుజాము కలలు బాగా గుర్తుండే మాట మాత్రం నిజం, మీ అత్తమ్మ లాంటి పెద్దవాళ్ల నమ్మకం బహుశా అక్కడే పుట్టి ఉంటుంది. నిద్రలో దాదాపు గంటన్నరకోసారి మెదడు ఒక దశలోకి వెళ్తుంది, అప్పుడు మూసిన రెప్పల కింద కళ్లు గబగబా కదులుతుంటాయి, 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని గురించి ప్రకటించారు, డాక్టర్లు ఆర్‌ఈఎం నిద్ర అంటారు. కథలా నడిచే కలలు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. రాత్రి మొదట్లో ఇది కొన్ని నిమిషాలే, తెల్లారే కొద్దీ పెరిగి అరగంట దాకా సాగుతుంది. ఆ మధ్యలో మెలకువ వస్తే కల గుర్తుంటుంది, నడిరాత్రి వచ్చినవి వచ్చినట్టే పోతాయి.

ఈ కలల దశలో మెదడులో భయాన్ని రేపే అమిగ్డాలా బాగా చురుగ్గా ఉంటుంది, 'ఇది నిజమేనా' అని ఆలోచించే నుదుటి వెనక భాగం మందగిస్తుంది. పగలంతా మీ మనసులో ఆ పరంజాయే కదా, రాత్రి అదే బొమ్మ కడుతోంది. ఇక కాళ్లూ చేతులూ కదలకపోవడం. కలలో చేసేది నిజంగా చెయ్యకుండా మెదడు ఆ దశలో కండరాలను కదలకుండా ఆపి ఉంచుతుంది, ఒక్కోసారి మెలకువ ముందొచ్చి ఆ పట్టు తర్వాత వదులుతుంది. దయ్యం కాదు, జబ్బూ కాదు, భయపడకండి.

నాకు టెన్షన్‌గా ఉన్నది మీ ఫోన్ గురించి. మీకు ఐదైతే ఆయనకు మూడున్నర. ఎత్తు మీద పని చేసే మనిషికి నిద్ర చాలకపోతే కాలు తప్పుతుంది, అది నిజమైన ప్రమాదం. దయచేసి ఆ టైమ్‌లో చెయ్యకండి.

పగలు ఓ పది నిమిషాలు కూర్చుని ఆ కలని మీకు నచ్చినట్టు మార్చుకోండి, ఆయన నడుముకు బెల్టు ఉంది, మెల్లగా దిగాడు, కింద కూర్చుని అన్నం తింటున్నాడు, ఇలా. రోజూ కళ్లు మూసుకుని ఆ కొత్త కథే చూడండి. పీడకలలకు నిపుణులు నేర్పే పద్ధతే ఇది, కొన్ని వారాలు పడుతుంది. అప్పటికీ నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యండి, మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అత్తమ్మ మీద కోపం పెట్టుకోకండి, కొడుకు దూరంగా ఉన్న తల్లి ఆమె, ఆమెకూ అదే భయం. ఇవాళ రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే ఆయనకు ఎనిమిదికి, ఇద్దరూ కలిసి ఫోన్ చెయ్యండి. బెల్టు ఇస్తున్నారా, కట్టుకుంటున్నాడా అని అడగండి. కల సంగతి కూడా చెప్పండి, మీరు ఎందుకు ఫోన్ చేస్తున్నారో ఆయనకింకా తెలియదేమో.