కాప్రి వెళ్లండి, లోన్‌తో మాత్రం వద్దు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నేను టీచర్‌ని, మా వారిది ప్రైవేటు ఉద్యోగం, పాపకు ఏడేళ్లు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.70 లక్షలు చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు, ఇంటి ఖర్చులూ స్కూలు ఫీజూ 48 వేలు, సిప్‌లు 20 వేలు, 5 లక్షల చీటీకి సుమారు 20 వేలు పోతాయి. 25 నెలల చీటీలో 10 నెలలు కట్టాం. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. మార్చిలో ఆయనకు 2 లక్షల బోనస్ వస్తుంది. వచ్చే మే నెలకు మా పెళ్లయి పదేళ్లు. ఇటలీలో కాప్రి దీవి చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆరు రాత్రుల ప్యాకేజీకి, అందులో నాలుగు రాత్రులు దీవిలోనే, ట్రావెల్ ఏజెంట్ ముగ్గురికీ 8.40 లక్షలు చెప్పారు. మూడేళ్ల లోన్ కూడా ఇప్పిస్తామన్నారు. మా వారు లోన్ తీసుకుందామంటున్నారు, నేను చీటీ పాడేద్దామంటున్నాను. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దండి. అలాగని కాప్రి మానుకోమనడం లేదు. మీ చేతిలో పది నెలల సమయం ఉంది, క్రమం తప్పని జీతాలున్నాయి. 5 లక్షల్లో ఈ ప్రయాణం బాగా చేసి రావచ్చు, అదీ ఒక్క రూపాయి అప్పు లేకుండా.

ముందు లోన్ సంగతి. 8.40 లక్షలకు 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 28,700 అవుతుంది. తీరేసరికి మీరు కట్టేది 10.33 లక్షలు. అంటే వడ్డీయే 1.93 లక్షలు. మే నెలలో హైదరాబాద్ నుంచి రోమ్‌కు ఒక స్టాప్‌తో మీ ముగ్గురి రానుపోను టికెట్లకు నేను వేసుకున్న అంచనా 1.90 లక్షలు. ముగ్గురి విమానం ఖర్చు ఊరికే వడ్డీ కింద పోతుందన్నమాట. పైగా పాపకు పదకొండేళ్లు వచ్చేదాకా ఆ ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది.

చీటీ పాడటం లోన్ కంటే నయం అనిపిస్తుంది, ఎందుకంటే అది మన డబ్బే కదా అనుకుంటాం. కానీ పదకొండో నెలలో పాడితే మీరు కట్టింది 2 లక్షల లోపే. మిగతాది తోటి సభ్యుల డబ్బు. పాటలో ఎంత తగ్గించుకుంటే అంత మీరు ఇచ్చే వడ్డీ. పాడాక కూడా మిగిలిన పదిహేను నెలల వాయిదాలు తప్పవు. ఆ చీటీని చివరి దాకా ఉంచండి, చివర్లో ఎత్తుకుంటే దాదాపు పూర్తి మొత్తం చేతికొస్తుంది.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లొద్దు. ఈఎంఐ, ఇంటి ఖర్చులు, చీటీ కలిపి మీకు నెలకు 1.10 లక్షలు కావాలి. ఆ లెక్కన ఎఫ్‌డీ ఐదు నెలలకు కూడా సరిపోదు. మీ వారిది ప్రైవేటు ఉద్యోగం. నిజానికి దాన్ని పెంచాల్సిన అవసరం ఉంది.

మరి డబ్బెక్కడిది? మీరు రాసిన లెక్క ప్రకారం నెలకు 40 వేలు మిగలాలి. మిగలడం లేదంటే అది ఎటో కరిగిపోతోందనే అర్థం. జీతం పడిన మర్నాడే 30 వేలు ఆర్‌డీలోకి, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లోకి, వెళ్లేలా పెట్టండి. పండగలకు, మందులకు 10 వేలు చేతిలో ఉంటాయి. జూలై నుంచి ఏప్రిల్ దాకా పది వాయిదాలకు 3 లక్షలు, బోనస్ 2 లక్షలు, మొత్తం 5 లక్షలు. ఈ డబ్బు ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి, పది నెలలు వాటికి చాలదు. సిప్‌లను కూడా ఆపొద్దు.

ఇక ఆ 5 లక్షల్లో కాప్రి ఎలా సాధ్యమంటే, నాలుగు రాత్రులూ దీవిలోనే పడుకోవాలన్న ఆలోచన మార్చుకోవాలి. కాప్రి మొత్తం కలిపి పది చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఎదురుగా ఉన్న సోరెంటో ఊరి నుంచి స్పీడ్ బోటులో అరగంట లోపు ప్రయాణం. అందుకే మూడు రాత్రులు సోరెంటోలో, రెండు దీవిలో, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రాత్రి రోమ్‌లో వేసుకోండి. దీవిలో కూడా కాప్రి ఊళ్లో కాకుండా కొండ మీదున్న అనకాప్రిలో గది చూడండి. ధరలు కాస్త దిగి ఉంటాయి, రాత్రిళ్లు ప్రశాంతంగా కూడా ఉంటుంది.

రెండు రాత్రులను మాత్రం తగ్గించొద్దని నా గట్టి సలహా. పొద్దున పది దాటితే నేపుల్స్, సోరెంటోల నుంచి పడవల నిండా జనం దిగుతారు. మరీనా గ్రాండే రేవులో ఫ్యూనిక్యులర్ (కొండ మీదున్న ఊళ్లోకి ఎక్కించే కేబుల్ రైలు) క్యూలోనే చాలా సమయం పోతుంది. సాయంత్రం పడవలకు వాళ్లంతా వెళ్లిపోయాక గానీ దీవి మనకు దక్కదు. ఒక్క రోజులో చూసొచ్చేవాళ్లకు ఆ సాయంత్రం, మర్నాటి తెల్లవారుజాము రెండూ దొరకవు. మీరు డబ్బు పెట్టాల్సింది వాటి కోసమే.

ఖర్చు వివరాలకొద్దాం. యూరో 105 రూపాయలని పట్టుకుంటున్నాను. గదులకు అనకాప్రిలో రోజుకు 220, సోరెంటోలో 150, రోమ్‌లో 140 యూరోల చొప్పున ఆరు రాత్రులకు 1,030 యూరోలు, అంటే 1.08 లక్షలు. తిండికి, చిల్లర ఖర్చులకు రోజుకు 110 యూరోల చొప్పున ఏడు రోజులకు 81 వేలు. రైళ్లు, పడవలు, బస్సులు, ప్రవేశ టికెట్లకు 350 యూరోలు, అంటే 37 వేలు. ఇటలీకి కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. ఈ ఫీజులు, సర్వీస్ ఛార్జీలు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 35 వేలు పెట్టుకోండి. విమానానికి 1.90 లక్షలు. అన్నీ కలిపితే 4.51 లక్షలు. మిగిలిన 49 వేలను షాపింగ్ డబ్బు అనుకోకండి. గది ధర పెరగడం, పడవ తప్పిపోవడం, పాపకు జ్వరం రావడం లాంటి వాటికి అది.

ఇవన్నీ మే ధరలు. మన బడులకు సెలవులుండే మే నెల అక్కడ ఇంకా పూర్తి సీజన్ కాదు. జూలై, ఆగస్టుల్లో, ముఖ్యంగా ఆగస్టు 15 చుట్టుపక్కల, ఇటలీ వాళ్లంతా సముద్రం వైపే వస్తారు. అప్పుడు ఇవే గదులు ఈ ధరకు రావు. జూన్ 2 వాళ్ల రిపబ్లిక్ డే, ఆ సెలవుల రద్దీ మొదలయ్యేలోపు తిరిగొచ్చేలా మే మూడో వారంలో బయల్దేరండి. మేలో నీళ్లు ఈతకు కాస్త చల్లగా ఉంటాయి, ఆ ఒక్కటే లోటు.

దీవిలో ఖర్చు ఎక్కడ జారిపోతుందో ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. కాప్రి ఊరి నడిబొడ్డున పియాజెట్టా అనే చిన్న చౌకు ఉంది. అక్కడ కుర్చీలో కూర్చుని తాగితే, కాఫీతో పాటు ఆ చోటికి కూడా డబ్బు కడుతున్నట్టే. అదే కాఫీ పక్క సందులో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చాలా తక్కువ. పెళ్లిరోజు సాయంత్రం ఒక్కసారి చౌకులో కూర్చోండి, అది బడ్జెట్‌లో ఉంది. రెస్టారెంట్ బిల్లులో మనిషికింత అని కొపెర్తో పేరుతో ఒక మొత్తం కలుస్తుంది. అది మోసం కాదు, అక్కడి పద్ధతి. మెనూలో రాసే ఉంటుంది, కూర్చునే ముందు చూసుకోండి. బీచ్ క్లబ్బుల్లో పడక కుర్చీలకు విడిగా డబ్బు కట్టాలి. మరీనా గ్రాండే పక్కనున్న గులకరాళ్ల బీచ్‌కైతే టికెట్ లేదు.

బ్లూ గ్రోటో గుహ టికెట్ చిన్న పడవతో కలిపి మనిషికి 18 యూరోలు. రేవు నుంచి మోటారు బోటులో వెళితే దాని ఛార్జీ వేరు. గుహ ద్వారం మీటరు ఎత్తు కూడా ఉండదు, పడవలో వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్లాలి. అలలు కాస్త పెరిగినా ఆ రోజుకు మూసేస్తారు. అందుకే ఏజెంట్ చెప్పినా ముందుగా డబ్బు కట్టొద్దు. రెండు రాత్రులుంటారు కాబట్టి మీకు రెండు పొద్దులు దొరుకుతాయి. 589 మీటర్ల మోంటే సొలారో కొండ మీదికి అనకాప్రి నుంచి చెయిర్‌లిఫ్ట్ ఉంది. కుర్చీకి ఒక్కరే, కాబట్టి పాప భయపడుతుందేమో చూసుకోండి. సముద్రంలోంచి నిలువుగా లేచిన ఫరాలియోనీ రాళ్లు బాగా కనిపించే త్రగారా వీధి చివరి దాకా నడిచి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. నన్నడిగితే దీవిలో అన్నిటికన్నా బాగుండేది ఆ నడకే.

మీరు శాకాహారులైనా ఇబ్బంది లేదు. టమాటా, మొజరెల్లా, తులసి జాతి ఆకుతో చేసే కాప్రేజే సలాడ్ ఈ దీవి పేరు మీదే ఉంది. చీజ్ కూరిన రావియోలీ పాస్తా దొరుకుతుంది. పులిహోర పేస్టు, పొడులు తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం సర్దొద్దు. మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు.

డబ్బు చెల్లింపుల్లో జాగ్రత్త. మామూలు క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చుపై 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తాయి. ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోండి. 2025 మొదట్లో 90 లోపున్న యూరో అదే ఏడాది 100 దాటింది. కాబట్టి మొత్తం ఒకేసారి కాకుండా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మూడు విడతలుగా లోడ్ చేయండి. అక్కడ కార్డు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్లిష్టం వచ్చిన రేటు వేస్తారు.

ప్యాకేజీయే కావాలని మీ వారు పట్టుబడితే ధరలో టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కలిసిందో లేదో అడగమనండి. విదేశీ టూర్ ప్యాకేజీలపై 2026 బడ్జెట్‌లో దీన్ని 2 శాతానికి తగ్గించారు. 8.40 లక్షలకు అది 16,800. ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, అయినా అప్పటికి చేతి నుంచి కట్టాల్సిందే.

వరుస ఇలా పెట్టుకోండి. జనవరికి ఆర్‌డీలో 2.10 లక్షలు పోగవుతాయి. కొద్దిపాటి ఛార్జీతో రద్దు చేసుకునే వీలున్న విమాన టికెట్లు అప్పుడు కొనండి. హోటళ్లు కూడా ఉచితంగా రద్దయ్యేవే బుక్ చేయండి. ఫిబ్రవరిలో వీసాకు వెళ్లండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, ఏప్రిల్ దాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఇన్సూరెన్స్‌లో వైద్య ఖర్చులకు కనీసం 30 వేల యూరోల కవర్ ఉండాలి. వీసా వాళ్లు బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూస్తారు. నెలనెలా పెరిగిన నిల్వ వాళ్లకు నమ్మకంగా కనిపిస్తుంది. దరఖాస్తుకు ముందు ఒక్కసారిగా వచ్చి పడిన లోన్ డబ్బు ప్రశ్నలు తెస్తుంది.

ఒకవేళ మార్చిలో బోనస్ రాకపోతే ఎఫ్‌డీ విరవకండి, బుకింగులు రద్దు చేసి దసరా సెలవులకు మార్చుకోండి. అప్పటికి ఆర్‌డీలో మరో ఐదు వాయిదాలు చేరి 4.50 లక్షలవుతాయి. ఎండలు తగ్గి, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉండే కాలం అది. అక్టోబరు చివరి దాకా హోటళ్లు, పడవలు మామూలుగానే నడుస్తాయి. ఆ తర్వాత చాలా హోటళ్లు చలికాలానికి మూసేస్తారు, నవంబరు మాత్రం పెట్టుకోవద్దు.

ఈ వారం చేయాల్సినవి రెండు. ఆర్‌డీ తెరవడం, మీ ఇద్దరి ఆదాయపు పన్ను రిటర్నులు జూలై 31 లోపు వేయడం. వీసా ఫైల్లో ఆ కాపీలు కావాలి.