శుభలేఖ కవర్ల మీద రబ్బరు అచ్చులు: ఇంకు, చెక్కడం, అద్దకం

చెల్లెలి పెళ్లికి మూడు వందల శుభలేఖ కవర్ల మీద, తాంబూలం సంచుల మీద మామిడి పిందెలు, కలశం, 'శుభమస్తు' మేమే రబ్బరు స్టాంపులతో వేసుకోవాలనుకుంటున్నామని, ఏం కొనాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. మూడేళ్ల కిందట మా తమ్ముడి పెళ్లికి సరిగ్గా ఇదే పని పెట్టుకున్నాను. ఆ తర్వాత మానలేదు, ఇప్పటికీ ఏ పండగొచ్చినా ఒక అచ్చు చెక్కుతూనే ఉన్నాను. కాబట్టి నా చేతి మీదుగా తెలిసింది చెబుతాను.

డిజైను కన్నా ముందు ఇంకు సంగతి తేల్చుకోండి. మేం దాన్ని ఆఖరికి వదిలేశాం. ఇంట్లో ఉన్న ఊదారంగు ఆఫీసు ప్యాడుతోనే ముద్రలు వేశాం, చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. పిలుపులకు బయల్దేరే ముందురోజు మా పెద్దమ్మ పసుపు తడిపి కవర్లకు నాలుగు మూలలా పెట్టి, కుంకుమ అద్దింది. తడి తగిలిన చోటల్లా ఇంకు పాకింది. తెల్లారేసరికి మూలల్లో ఉన్న మామిడి పిందెలన్నీ ఊదా మరకలైపోయాయి. అరవై కవర్లు పక్కన పెట్టేశాం. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆమె ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

అలా ఎందుకైందంటే, ఆఫీసు ప్యాడులో ఉండేది నీళ్లలో కరిగే రంగు. దాన్ని డై ఇంకు అంటారు. కాగితం పీచులోకి ఇంకి త్వరగా ఆరుతుంది, కానీ మళ్లీ తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. ఎండకు వెలిసిపోతుంది కూడా. మీకు కావలసింది పిగ్మెంట్ ఇంకు. అందులో రంగు సన్నటి పొడి రేణువులుగా ఉంటుంది, నీళ్లలో కరగదు, కాగితం పైనే పొరలా నిలుస్తుంది. ఆరడానికి మాత్రం గంటలు పడుతుంది. మెరుపు కాగితం, ప్లాస్టిక్ పొర వేసిన కవర్ల మీద అయితే అసలు ఆరదు, వేలు తగిలితే చాలు చెదిరిపోతుంది. అందుకని కవర్లు కొనేటప్పుడే మెరుపు లేనివి, కాస్త గరుకుగా ఉన్నవి తీసుకోండి. హ్యాండ్‌మేడ్ కాగితం చూడ్డానికి బాగుంటుంది గానీ, మరీ గరుకైతే సన్నగీతలు తెగిపోతాయి. ఏ ఇంకు తెచ్చినా సరే, ఒక కవరు మీద ముద్ర వేసి, రాత్రంతా ఆరనిచ్చి, దాని మీద తడి పసుపు పెట్టి చూశాకే మిగతా వాటి జోలికి వెళ్లండి. ప్యాడు మీద ఏం రాసి ఉన్నా ఈ పరీక్ష మానకండి.

ఇక అచ్చు. రెండు దారులున్నాయి. కోర్టుల దగ్గర, రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర ఉండే స్టాంపు దుకాణాల్లో డిజైను ఇస్తే చేసిపెడతారు. గీతలు చాలా శుభ్రంగా వస్తాయి. వాళ్ల దగ్గర ఒక్కటే జాగ్రత్త: లోపలే ఇంకు నింపి ఉండే రకం వద్దని ముందే చెప్పండి. దాంట్లో మీకు నచ్చిన రంగు వేసుకోలేరు. విడి రబ్బరో, పాలిమర్ రేకో చెక్క పిడికి అంటించి ఇమ్మనండి. పేర్లు, తేదీ లాంటి చిన్న అక్షరాలకు ఈ దారే మేలు.

మామిడి పిందె, కలశం, తామరపువ్వు మాత్రం మీరే చెక్కండి. స్కూలుకు తీసుకెళ్లే తెల్ల ఎరేజర్లలో పెద్దది, మెత్తనిది తీసుకుంటే చాలు. ఇంకా పెద్ద బొమ్మకు చెక్కుడు రబ్బరు పలకలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వీ ఆకారం మొన ఉన్న లినో కట్టరు (గాడిలా చెక్కే చిన్న ఉలి) ఒకటి, మామూలు పేపరు కట్టరు ఒకటి ఉండాలి. బొమ్మను బటర్ పేపరు మీద 2బి పెన్సిలుతో ఒత్తి గీసి, ఆ గీసిన వైపును ఎరేజరు మీద బోర్లించి గోటితో రుద్దండి. బొమ్మ దానంతటదే తిరగబడి దిగుతుంది, కాబట్టి ముద్ర సరిగ్గా పడుతుంది. అక్షరాలు నేరుగా ఎరేజరు మీద రాస్తే మాత్రం ముద్రలో అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారవుతాయి.

చెక్కేటప్పుడు గీత పక్కన కత్తిని బయటివైపుకు వాలుగా పట్టాలి. గోడకు పునాది వెడల్పుగా ఉన్నట్టు గీత అడుగు వెడల్పుగా మిగలాలి. లోపలికి కోశారంటే గీత కింద డొల్లై, పది ముద్రలకే వంగి విరుగుతుంది. వంపు వచ్చినప్పుడు కత్తిని తిప్పకండి. కట్టరును కదలకుండా ఒకేచోట పట్టి, ఎడమచేత్తో ఎరేజరును తిప్పండి. ఇదొక్కటి అలవాటైతే సగం పని వచ్చేసినట్టే. ఎడమచేయి ఎప్పుడూ కత్తి మొనకు వెనకాలే ఉండాలి.

మన అక్షరాల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నా సమయమంతా అక్కడే పోయింది. 'శుభమస్తు'ను మొదట అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేలా చెక్కబోయాను. తలకట్లు రాలిపోయాయి, స కింద తవత్తు తెగింది, కొమ్ములు వంగాయి. మూడు ఎరేజర్లు పాడయ్యాక దారి మార్చాను. అక్షరాన్ని మిగల్చకుండా అక్షరాన్నే తవ్వేశాను. అప్పుడు చుట్టూ ఉన్న భాగమంతా రంగు పట్టుకుంటుంది, అక్షరం కాగితపు తెలుపులో వెలుగుతుంది. విరగడానికి సన్నగోడలే ఉండవు. గుండ్రటి తెలుగు అక్షరానికి ఇది ఎంత నప్పుతుందో చెప్పలేను. తాటాకు మీద గంటంతో గీసిన కాలంలో మన లిపికి ఆ గుండ్రదనం వచ్చిందంటారు. ఎరేజరు మీద వీ మొనతో 'భ' ఒంపు తిరిగినప్పుడు ఆ మాట నాకు చేతికి అందినట్టనిపించింది.

అద్దకానికి వస్తే, అచ్చును ప్యాడుకేసి కొట్టకండి. అచ్చును వెల్లకిలా పట్టుకుని, ప్యాడునే దాని మీద మెల్లగా తాటించండి. ఎక్కడ రంగు పట్టిందో, ఎక్కడ పట్టలేదో కనబడుతుంది. కవరు కింద గట్టి బల్ల ఉండకూడదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు కూడా బల్ల మీద మెత్తటి పొరలు పరిచే టేకు అచ్చులు వేస్తారు, కింద కాస్త ఒదుగు ఉంటేనే అచ్చు అంతటా సమంగా ఆనుతుంది. మీకు నాలుగు మడతల పాత దుప్పటి ముక్కో, పది వార్తాపత్రికలో సరిపోతాయి. ఇంకో చిన్న విషయం: కవరు వెనక అతికించిన మడతలు ముందువైపు ముద్రలో అడ్డగీతలుగా తేలతాయి. కవరు లోపల సరిపడా అట్టముక్క దూర్చి అద్దితే ఆ గీతలు రావు. అరచేత్తో నిటారుగా ఒత్తి, ఊపకుండా, నిటారుగానే ఎత్తండి.

రెండు రంగులు కావాలంటే లేతది ముందు, ముదురుది తర్వాత. ఒకే ప్యాడుతో లేత రంగు కూడా వస్తుంది: మొదటి ముద్ర చిత్తుకాగితం మీద వేసి, మళ్లీ ఇంకు అద్దకుండా రెండోది కవరు మీద వేయండి. మామిడాకుల ముందు కలశం ఉన్నట్టు చూపాలంటే ముందు కలశం వేయాలి. అదే కలశాన్ని అంటుకునే చిట్టీ కాగితం మీద కూడా ముద్రించి, కత్తిరించి, కవరు మీది కలశానికి సరిగ్గా కప్పి, ఆపైన ఆకులు అద్దాలి. చిట్టీ తీసేస్తే ఆకులు వెనక్కి వెళ్లిపోతాయి.

ఉబ్బెత్తు బంగారు ముద్రలు కావాలంటే పిగ్మెంట్ ఇంకు తడి ఆరకముందే ఎంబాసింగ్ పొడి (వేడికి కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి) చల్లి, మిగిలింది దులిపి, బాగా వేడిగాలి వదిలే హీట్ గన్‌తో వేడి చేయాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పనికిరాదు, అది పొడిని ఊదేస్తుంది, వేడీ చాలదు. పొడి చల్లకముందే, అచ్చు వేయకముందే, కవరు మీద కాస్త టాల్కం పౌడరు తుడిస్తే పొడి అనవసరమైన చోట అంటుకోదు. ఇది ఖర్చుతో కూడిన పని. దగ్గరి బంధువులకిచ్చే పాతిక కవర్లకు చేయండి, మూడు వందలకూ వద్దు.

సంచులకు ప్యాడు ఇంకు వాడకండి. కొత్త నూలు సంచులకు గంజి ఉంటుంది, అది రంగును లోపలికి పోనివ్వదు. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఫ్యాబ్రిక్ రంగును స్పాంజి ముక్కతో అచ్చుకు పలచగా అద్ది ముద్ర వేయండి. సంచిలో అట్ట పెట్టకపోతే రంగు అవతలి వైపుకు దిగుతుంది. ఒకరోజు ఆరాక, వెనకవైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ చేస్తే ఉతుకులకు నిలుస్తుంది. నేతలో సన్నగీతలు కనబడవు కాబట్టి సంచికి లావు గీతల బొమ్మలే ఎంచుకోండి. పిల్లలుంటే అడ్డంగా కోసిన బెండకాయతో అంచు వేయించండి. ఐదు రేకల పువ్వు పడుతుంది, ఏ స్టాంపుకూ తీసిపోదు.

పని అయ్యాక అచ్చును తడిగుడ్డతో తుడిచి, సందుల్లో పాత టూత్‌బ్రష్ ఆడించి, నీడన ఆరనివ్వండి. థిన్నరు లాంటివి తగలనివ్వకండి. ఎరేజరు అచ్చులను నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే డబ్బాకు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడివిడిగా బటర్ పేపర్లో చుట్టి పెట్టండి.

మాకు గంటకు యాభై కవర్ల దాకా అయ్యాయి, ముగ్గురం కూర్చుంటే: ఒకరు అట్ట దూర్చడానికి, ఒకరు అద్దడానికి, ఒకరు ఆరబెట్టడానికి. అసలు ఇబ్బంది ఆరబెట్టే చోటుకే. మంచాలు, చాపలు అన్నీ ముందే ఖాళీ చేసుకోండి, ఫ్యాను ఆపేయండి. రెండు రాత్రులు ఆరాకే పసుపు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.