టవల్‌కు అంటిన డీఎన్‌ఏ మన ఒంట్లోకి చేరుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. రూమ్మేట్, నేను ఒకరి దువ్వెన, టవల్ ఇంకొకరం వాడేస్తుంటాం. అప్పుడప్పుడూ రేజర్ కూడా. ముట్టుకున్న ప్రతి వస్తువుకూ డీఎన్‌ఏ అంటుకుంటుందని ఈమధ్య చదివాను. అతని డీఎన్‌ఏ నా ఒంట్లోకి వచ్చేస్తుందా? రేపు నాకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఫలితం తారుమారవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చదివింది నిజమే. చర్మం పైపొర రోజూ రాలుతూనే ఉంటుంది. చెయ్యి తగిలిన చోటల్లా ఎంతో కొంత డీఎన్‌ఏ మిగులుతుంది. గ్లాసు అంచున, టూత్‌బ్రష్ మీద ఇంకాస్త ఎక్కువే దొరుకుతుంది. లాలాజలంలో బుగ్గల లోపలి కణాలు, తెల్ల రక్తకణాలు కలిసి ఉంటాయి మరి. ఇలా చేతితో తాకిన వస్తువుల నుంచి డీఎన్‌ఏ తీయవచ్చని, ఒకరిది ఇంకొకరి చేతికీ అంటుకోవచ్చని 1997లోనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు.

అయితే అంటుకోవడం వేరు, ఒంట్లో కలిసిపోవడం వేరు. టవల్ మీది డీఎన్‌ఏ మీ చర్మం దాటి లోపలికి రాదు. గాటు గుండా కాస్త వెళ్లినా ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. మనం తినే మొక్కల్లో, మాంసంలో ఉన్న డీఎన్‌ఏ కూడా ఇలాగే అరిగిపోతుంది.

ఇక పరీక్ష సంగతి. రక్తంలోనో, బుగ్గ లోపల తిప్పిన దూది పుల్ల మీదో మీ సొంత కణాలు లక్షల్లో ఉంటాయి. వాటి ముందు రూమ్మేట్ జాడ లెక్కలోకి రాదు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారి రక్తంలో మాత్రం దాత డీఎన్‌ఏ కనిపిస్తుంది. అది పూర్తిగా వేరే విషయం.

చిక్కంతా నేర పరిశోధనలోనే. జర్మనీలో ఒకే మహిళ డీఎన్‌ఏ సంబంధం లేని ఎన్నో నేరాల్లో దొరుకుతుంటే పోలీసులు ఏళ్ల తరబడి ఆమె కోసం గాలించారు. చివరికి 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ, నమూనాలు తీసే దూది పుల్లలను తయారుచేసే చోట పనిచేసిన ఆవిడది! పుల్లల్లో సూక్ష్మక్రిములు లేకుండా చేశారు గానీ, డీఎన్‌ఏ అలాగే ఉండిపోయింది. ఒక వస్తువు మీది డీఎన్‌ఏ ఎవరిదో చెబుతుంది. అది అక్కడికి ఎప్పుడు, ఎలా చేరిందో చెప్పదు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది రేజర్. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి కనిపించనంత రక్తం చాలు, అది అంటడానికి. టవల్‌తో తామర, గజ్జి రావచ్చు, దువ్వెనతో పేలు ఎక్కవచ్చు. అవి చికిత్సతో తగ్గిపోతాయి. రేజర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వారే వాడుకోండి. ఇప్పటికే పంచుకున్నారు కాబట్టి ఇద్దరూ ఒకసారి హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు చేయించుకోండి. బి టీకా వేయించుకుని ఉండకపోతే, దాని గురించి కూడా మీ డాక్టర్‌ను అడగండి.