అమావాస్య కొత్తదెలా అయింది?

సందేహం: మాది విశాఖపట్నం, మర్రిపాలెం. బడిలో 'మా ఇంటి పండుగ' గురించి రాయమన్నారు. ఆరో తరగతి చదివే మా పాప "కొత్తమావాస్య నాడు మేం అనకాపల్లి నూకాలమ్మ దగ్గరికి వెళ్తాం, మర్నాడు ఉగాది" అని రాసింది. టీచరు 'కొత్తమావాస్య' కింద ఎర్ర గీత పెట్టి, "అది పాత ఏడాదికి ఆఖరి రోజు, కొత్త ఎలా అవుతుంది? ఫాల్గుణ అమావాస్య అని రాయాలి" అన్నారట. మా అత్తగారికి కోపం వచ్చింది, పాపకు టెన్షన్ పట్టుకుంది. ఏది ఒప్పు?

సమాధానం: అమ్మా, పాప రాసింది ఒప్పే. ముందు ఆ మాట పాపకు చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

టీచరు చెప్పిన లెక్కలోనూ తప్పు లేదు. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది. కాబట్టి ఫాల్గుణ బహుళ అమావాస్య పాత సంవత్సరానికి చివరి రోజే. 2024లో అది ఏప్రిల్ 8న, 2025లో మార్చి 29న వచ్చింది. ఆ మర్నాడే ఉగాది. చిక్కు తిథిలో లేదు, 'కొత్త' అనే మాటను మనం చూసే తీరులో ఉంది.

'కొత్త చొక్కా' అంటే చొక్కాయే కొత్తది. ఆ అలవాటు కొద్దీ 'కొత్త అమావాస్య' అనగానే అమావాస్యే కొత్తది అనుకుంటాం. కానీ తెలుగులో 'కొత్త' విశేషణంగానే కాదు, నామవాచకంగానూ నడుస్తుంది. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అనే సామెత చూడండి. అక్కడ కొత్త మరో మాటకు తోకగా రాలేదు, తానే కర్తగా నిలబడింది. 'పెళ్లయిన కొత్తలో' అన్నప్పుడు విభక్తి కూడా చేరింది. ఇంకా దగ్గర్లోనే మంచి సాక్ష్యం ఉంది. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న అరకు, పాడేరు ఏజెన్సీలో గిరిజనులు కొత్త పంటను ముందు దేవతకు పెట్టి, ఆ తర్వాతే తాము నోట పెట్టుకుంటారు. ఆ పండుగలకు 'మామిడి కొత్త', 'కొర్ర కొత్త' అని పేర్లు. అక్కడ 'కొత్త' అంటేనే పండుగ. ఇంత చక్కటి వాడుకను పాఠ్యపుస్తకాల్లోకి ఎందుకు తీసుకురాలేదో అని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఇక మన అమావాస్యల పేర్లు వరుసగా అనుకుని చూడండి. పోలాల అమావాస్య, మహాలయ అమావాస్య, చొల్లంగి అమావాస్య, దీపావళి అమావాస్య. ఒక్కదాంట్లోనూ మొదటి మాట అమావాస్య ఎలా ఉందో చెప్పదు, ఆ రోజు దేనికోసమో చెబుతుంది. చొల్లంగి అయితే కాకినాడ దగ్గర ఊరు, ఆ రోజు అక్కడ సముద్ర స్నానం చేస్తారు. అమావాస్య చొల్లంగిలా ఉంటుందని ఎవరూ అనుకోరు కదా! కొత్త అమావాస్యా ఆ వరుసలోదే. కొత్త ఏడాదికి ఏర్పాటు చేసుకునే అమావాస్య అన్నమాట.

ఆ ఏర్పాటు ఎలా ఉండేదో మా ఇంట్లో చూశాను. ఉగాది పచ్చడి పొద్దున్నే కావాలి. అందుకని ముందు రోజు మధ్యాహ్నమే మా అమ్మ వేపకొమ్మలు తెప్పించి, పువ్వు చేటలోకి దులిపి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి కాడలు ఊదేసేది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, అప్పుడే చెట్టున దిగిన మామిడికాయ, పచ్చడి కలపడానికి కొత్త కుండ, అన్నీ ఆ రోజే ఇంటికి చేరేవి. ఉగాది పేరుతో మనం రుచి చూసే కొత్త అంతా ఇంట్లోకి వచ్చేది అమావాస్య నాడే. అనకాపల్లి గవరపాలెంలో నూకాలమ్మ జాతర మొదలయ్యేదీ ఆ రోజే. నెల రోజులు సాగే ఆ జాతరను జనం పిలుచుకునేది కొత్త అమావాస్య జాతర అనే. ఇంతమంది నోట నలిగిన మాటకు పంచాంగం ఆమోదం అక్కర్లేదు.

రాబోయే రోజు పేరు ముందు రోజుకు పెట్టడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. జర్మనీ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో శనివారాన్ని 'జొన్‌ఆబెంట్' అంటారు. మాటకు మాట చూస్తే 'ఆదివారపు సాయంత్రం'. ఆదివారానికి ముందు వచ్చే సాయంత్రానికి పెట్టిన ఆ పేరు రానురాను శనివారం మొత్తానికీ పాకింది. యూదులకు రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది కాబట్టి వాళ్ల కొత్త సంవత్సరం ముందు రోజు సాయంత్రమే ఇంట్లోకి వచ్చేస్తుంది. మీ పాప టీచరుగారి వైపు మాట్లాడే భాషలూ ఉన్నాయి. స్పెయిన్‌లో డిసెంబరు 31 రాత్రిని 'నోచెవియెహా' అంటారు, 'పాత రాత్రి' అని. అర్ధరాత్రి గంట కొట్టే కొద్దీ ఇంటిల్లిపాదీ పన్నెండు ద్రాక్షపళ్లు తింటూ ఆ పాతను సాగనంపుతారు. చైనావాళ్లదీ మనలాగే చంద్రుణ్ణి బట్టి నడిచే నెల. వాళ్ల సంవత్సరపు చివరి రాత్రి కూడా చంద్రుడు కనిపించనిదే. దాన్ని వాళ్లు 'చూషీ' అంటారు. పాతను తొలగించే సాయంత్రం అని అర్థం. చెదిరిపోయిన కుటుంబమంతా ఆ పూట ఒకచోట కూడి భోజనం చేయాల్సిందే. పోయేదాన్ని చూసి పేరు పెట్టినవాళ్లు వాళ్లు, వచ్చేదాన్ని చూసి పెట్టినవాళ్లు మనం.

పోర్టు, నేవీ, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగాల వల్ల విశాఖలో మీ పాప పక్క బెంచీలో ఒడియా పిల్లో బెంగాలీ పిల్లో ఉండే ఉంటుంది. వాళ్ల కొత్త సంవత్సరం పండుగలైన పణా సంక్రాంతి, పొయిలా బైశాఖ్ సూర్యుణ్ణి బట్టి ఏప్రిల్ మధ్యలో వస్తాయి. ముందు రోజు అమావాస్యే అయి ఉండాలన్న నియమం వాళ్లకు లేదు. అందుకే ఇలాంటి పేరు పుట్టే వీలూ లేదు. పాప ఈ ముక్క తరగతిలో చెబితే అందరికీ బాగుంటుంది.

సంధి గురించి మీరు అడగలేదు కానీ ఎవరైనా పట్టుకోవచ్చు. కొత్త + అమావాస్య = కొత్తమావాస్య, అత్వసంధి. మేన + అత్త మేనత్త అయినట్టే. అత్తుకు, అంటే పొట్టి 'అ'కు, సంధి బహుళం అన్నాడు చిన్నయసూరి. కాబట్టి సంధి చేసినా ఒప్పే, విడదీసి 'కొత్త అమావాస్య' అని రాసినా ఒప్పే. మీ అత్తగారు 'కొత్తమాస' అంటే అదీ ఆవిడ నోటికి ఒప్పే, పరీక్షలో మాత్రం పూర్తి రూపం రాయించండి.

అమావాస్య అశుభం కాబట్టి 'కొత్త' తగదు అని ఇంకెవరైనా అంటే, ఆ మాట అర్థం చెప్పండి. 'అమా' అంటే కలిసి. సూర్యచంద్రులు కలిసి వసించే రోజు. నేను పైన చెప్పిన 2024 ఏప్రిల్ 8 నాటి కొత్తమావాస్య రోజునే అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అక్కడున్న మన పిల్లలు తలెత్తి చూసింది ఈ మాట అర్థాన్నే.

మీరు పంపిన పేజీలో దిద్దవలసింది ఒక్కటే. చివరి వాక్యంలో పాప 'అమావాశ్య' అని రాసింది. 'వస్' ధాతువు నుంచి వచ్చిన మాట కాబట్టి అక్కడ 'స్య' ఉండాలి.