నలభై దాటాక, టీచరు లేకుండా, ఫోను యాప్‌లతోనే జపనీస్ నేర్చుకోవచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. జయపురంలో ఉంటూ, నలభై రెండేళ్ళ వయసులో, దగ్గరలో నేర్పేవారెవరూ లేనప్పుడు ఫోనులోని సాఫ్ట్‌వేర్‌తోనే జపనీస్ వస్తుందా అన్నది మొదటిది. వస్తే ఏ యాప్ మంచిది అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు ఇది: చదవడం, వినడం చాలావరకు వస్తాయి, మాట్లాడడం మాత్రం ఎదుట ఒక మనిషి లేకుండా రాదు. రెండోదానికి వెళ్ళే ముందు మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ యాప్ జపనీస్‌ను మీకు ఏ భాషలో విడమరిచి చెబుతుంది? ఈ ప్రశ్న నాకు ఎవరూ చెప్పకపోవడం వల్ల ఏడాదికి పైగా వృథా చేసుకున్నాను.

నాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు లెక్కలు రాసే ఆఫీసులో రెండూ కలిసిన భాష. మా తమ్ముడు నగోయాలో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. మరదలికి కొంత ఇంగ్లీషు వచ్చు గానీ, ఆమె తల్లికి జపనీస్ తప్ప మరో మాట రాదు. వీడియో కాల్‌లో ఆవిడ కనిపించినప్పుడల్లా ఇద్దరం నవ్వుకుంటూ తల ఊపుకోవడం తప్ప ఏమీ లేకపోయేది. ఆ ఇబ్బంది తీరాలనే నలభై ఒకటో ఏట మొదలుపెట్టాను.

అందరి ఫోనుల్లో ఉండే ఉచిత యాప్‌లలో ఒకటి పెట్టుకొని, ఒక్క రోజు కూడా మానకుండా 212 రోజులు పాఠాలు చేశాను. రోజూ పాయింట్లు, పతకాలు, నా పేరు పట్టికలో పైకి వెళ్ళడం. ఆ నమ్మకంతో ఒక ఆదివారం తమ్ముణ్ణి పక్కకు తప్పుకోమని చెప్పి ఆవిడతో నేనే మాట్లాడబోయాను. ఆవిడ చాలా మామూలుగా "గొహన్ తబెత?" అన్నారు. నాకు అర్థం కాలేదు. యాప్ నాకు నేర్పింది "తబెమషిత క" అనే మర్యాద రూపం ఒక్కటే. ఇంట్లోవాళ్ళ మధ్య క్రియ పొట్టిదవుతుందని అది ఇంకా చెప్పలేదు. ఆవిడ అడిగింది మనం రోజుకు పది సార్లు అడిగే "భోజనం చేశావా?" అన్న మాటే. తడబడుతూ "మీరు?" అని తిరిగి అడగడానికి యాప్ చెప్పిన "అనత" అనే మాట వాడాను. ఆవిడ ముఖం ఏమీ మారలేదు గానీ, పెద్దవాళ్ళను ఆ మాటతో పిలవడం అక్కడ మర్యాద కాదని, "ఒకాసన్", అంటే "అమ్మగారూ", అని పిలవాలని ఆ రాత్రి తమ్ముడు చెప్పాడు. మనమూ అత్తగారిని అత్తయ్యా అనే పిలుస్తాం కదా. తెలుగులో ఆలోచించి ఉంటే నాకు తట్టేది. ఇంగ్లీషులోని "యూ"కు బదులు ఏమిటని వెతకబట్టి ఆ పొరపాటు జరిగింది.

అక్కడి నుంచి పాఠాలను వెనక్కి తిప్పి చూస్తే, నా కష్టంలో సగం జపనీస్‌ది కాదు, మధ్యలో నిలబడిన ఇంగ్లీషుది అని తెలిసింది. ఇంగ్లీషులో వివరించే పాఠం జపనీస్ వాక్యం తలకిందులుగా ఉంటుందని భయపెడుతుంది. అది మనకు తలకిందులు కాదు. కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. విభక్తులు మాట వెనుకే అతుక్కుంటాయి: "ని" అంటే కి, "కర" అంటే నుంచి, "మదె" అంటే దాకా. "తిన్నారు" చివర దీర్ఘం తీస్తే "తిన్నారా" అని ప్రశ్న అయినట్టే, అక్కడ వాక్యం చివర "క" చేరిస్తే ప్రశ్న అవుతుంది. "నిన్న కొన్న పుస్తకం" అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకం ముందుకు తెచ్చి దాని వెనుక ఒక చిన్న వాక్యం తగిలించాలి. జపనీస్‌లో "కినో కత్త హొన్" అని మాటకు మాట మన వరుసే. "తిని చూడండి" అంటే "తబెతె మితె", అక్కడా "చూడు" అన్న క్రియనే వాడతారు. "కొని పెట్టు" అన్నప్పుడు మనం "పెట్టు" వాడినట్టే వాళ్ళూ "కత్తె ఒకు" అంటారు. అన్నకూ తమ్ముడికీ, అక్కకూ చెల్లెలికీ వేరు వేరు మాటలున్నాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చేసరికి "బ్రదర్" అని ఒకటే అయిపోయి, నేను చాలాకాలం "అని" అంటే అన్న అనీ, "ఒతోతొ" అంటే తమ్ముడు అనీ గుర్తుపెట్టుకోలేకపోయాను.

అన్నిటికంటే నన్ను ఆపేసిన మాట "ఇత్తె కిమసు". ఇంటి నుంచి బయటికి అడుగు పెట్టేవాళ్ళు జపాన్‌లో రోజూ అనే మాట అది. యాప్‌లో దానికి "నేను బయలుదేరుతున్నాను" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం రాసి ఉంది. విడదీసి చూస్తే "ఇత్తె" అంటే వెళ్ళి, "కిమసు" అంటే వస్తాను. మనం గుమ్మం దగ్గర "వెళ్ళొస్తాను" అంటాం, "వెళ్తున్నాను" అంటే అమ్మ కోప్పడుతుంది. లోపల ఉన్నవాళ్ళు ఇచ్చే జవాబు "ఇత్తె రష్షై", అంటే "వెళ్ళి రండి". ఇంత దగ్గరి మాటను ఏడాది పాటు ఇంగ్లీషు వాక్యంగా వల్లె వేశాను.

(ఇంత పోలిక చూసి రెండు భాషలకూ చుట్టరికం ఉందని అనుకోకండి. జపాన్ పండితుడు ఒనో సుసుము తమిళానికీ జపనీస్‌కూ సంబంధం ఉందని వాదించారు గానీ, భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది దానిని ఒప్పుకోలేదు. నేను చెబుతున్నది వాక్యం కట్టే తీరు గురించే.)

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ జపనీస్‌కు 2,200 తరగతి గంటలు కావాలని లెక్క కట్టింది. చాలామంది ఆ అంకె చూసి బెదిరిపోతారు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఉద్యోగులకు వేసిన లెక్క. మనకు కంజీ (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి) అక్షరాల భారం తగ్గదు, వ్యాకరణం భారం మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. పాయింట్ల యాప్ తీసేసి ఆంకీ అనే యాప్‌కు మారాను. మనం వల్లె వేయడం అనేదానికి జపనీస్ మాటే "ఆంకి". ఇది పాఠాలు చెప్పదు. ముందు ప్రశ్న, వెనుక జవాబు ఉన్న కార్డులను మీరు మరిచిపోబోయే సమయానికి మళ్ళీ ముందుకు తెస్తుంది. నేర్చుకున్నది మొదట వేగంగానూ తరువాత నెమ్మదిగానూ జారిపోతుందని జర్మన్ పరిశోధకుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించారు. ఆ జారుడుకు తగ్గట్టు ఒక కార్డు రేపు, మరొకటి వారానికి, ఇంకొకటి మూడు నెలలకు రావడమే ఇందులోని కిటుకు. ఆండ్రాయిడ్‌లో ఉచితం. నెట్ లేకపోయినా నడుస్తుంది. నౌపడా వైపు వెళ్ళే రైలులో సిగ్నలు పోయినా నా పని ఆగేది కాదు.

కార్డులు సొంతంగా రాసుకోండి, వాటి వెనుక తెలుగు రాసుకోండి. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఇతరులు తయారుచేసి పెట్టిన వేల కార్డుల కట్టలు దొరుకుతాయి, కానీ వాటి వెనుక ఉండేది ఇంగ్లీషే. నా కార్డు ముందు వైపు విడి మాట కాకుండా చిన్న జపనీస్ వాక్యం, దాని ధ్వని. వెనుక మా ఇంట్లో అనే తెలుగు వాక్యం. "తబెతె షిమత్త" వెనుక "తినేశాను" అని రాశాను. ఆ "ఏశాను"లో ఉన్న విరుపును ఇంగ్లీషులో రాయాలంటే నాలుగు లైన్ల వ్యాఖ్యానం కావాలి.

అందులోనూ రెండు తప్పులు చేశాను. రోజుకు ఇరవై కొత్త కార్డులు అని సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉంటుంది. ఉత్సాహంతో దాన్ని నలభై చేశాను. కొత్తవి నలభై అయితే కొన్ని వారాల్లో పాతవి వందల్లో వచ్చి పడతాయి. మా ఆఫీసులో మార్చి నెలాఖరు పనులు వచ్చి పన్నెండు రోజులు మానేసేసరికి 1,100 కార్డులు పేరుకుపోయాయి. అది చూసి మరో నెల దాన్ని తెరవనే లేదు. ఇప్పుడు రోజుకు ఎనిమిది. ముప్పై నిమిషాలు దాటనివ్వను. రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. జవాబు చూశాక నొక్కడానికి నాలుగు మీటలుంటాయి: మళ్ళీ, కష్టం, బాగుంది, సులువు. పూర్తిగా మరిచిపోయిన మాటకు కూడా పరువు పోతుందన్నట్టు "కష్టం" నొక్కేవాణ్ణి. "కష్టం" అంటే గుర్తొచ్చింది కానీ శ్రమపడ్డాను అని సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకుంటుంది, ఆ కార్డును ఇంకా దూరం పంపేస్తుంది. మరిచిపోతే "మళ్ళీ" నొక్కండి. అక్కడ మిమ్మల్ని చూసేవారెవరూ లేరు.

ఉచ్చారణలోనూ తెలుగును నమ్ముకోండి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకు చెవిలోనే ఉన్నాయి. "ఒబసన్" అంటే అత్త లేక పిన్ని, "ఒబాసన్" అంటే అమ్మమ్మ లేక నాయనమ్మ. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఒడియా రాతలో ఇ, ఈ లకు వేరు అక్షరాలున్నా పలుకులో తేడా ఉండదు కాబట్టి, నాతో పాటు మొదలుపెట్టిన ఒడియా మిత్రుడు ఈ దీర్ఘాల దగ్గరే ఎక్కువ కష్టపడ్డాడు. "సునామి" అని మనం రాసే మాట మొదట్లో ఉన్నది, "చుట్టం" అన్నప్పుడు పళ్ళ వెనుక పలికే ఆ చకారమే, పాత పుస్తకాల్లో చ మీద రెండు అంకె పెట్టి రాసేది. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి దాన్ని నెలల తరబడి "ట్సు" అని పలికాను. అందుకే హిరగనా, కతకనా లిపులు, ఒక్కొక్కటి 46 మూలాక్షరాలు, మొదటి మూడు వారాల్లోనే నేర్చేసుకొని ఇంగ్లీషు అక్షరాల రాతను వదిలేయండి. ఆ పట్టిక వరుస కూడా మన వర్ణమాల ప్రభావంతో వచ్చినదే కాబట్టి కొత్తగా అనిపించదు. కంజీకి మాత్రం దగ్గరి దారి లేదు. రోజుకు రెండు చేతితో రాశాను, అంతే.

జపాన్ ఫౌండేషన్ పాఠాలు, ధ్వనులు ఉచితంగా దొరుకుతాయి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వర్ల్డ్ పాఠాలకు హిందీ వివరణ ఉంది. తెలుగులో లేనప్పుడు ఇంగ్లీషు కంటే హిందీ నయం, వాక్యం వరుస చెదరదు.

టీచరు సంగతి. 1880లో మా ఊరికి ఉపాధ్యాయుడిగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. నాకు అటువంటి మనిషి మరదలి తల్లే అయ్యారు. మీకు బంధువులు లేకపోతే, తెలుగో హిందీయో నేర్చుకోవాలనుకునే జపనీస్ వారు భాషా మార్పిడి యాప్‌లలో దొరుకుతారు. వారానికి పావుగంట చాలు, కానీ మొదటి నెల నుంచే ఉండాలి. నేను 212 రోజులు ఆగాను.

ఆలస్యం ఎంత ఖరీదైనదో పరీక్షలో తెలిసింది. జపనీస్ ప్రావీణ్య పరీక్షకు ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిలు. ఎన్5 అన్నిటికంటే తేలిక. రాత్రి రైలులో కోల్‌కతా వెళ్ళి డిసెంబరులో ఎన్5 రాశాను. 180కి 80 వస్తే ఉత్తీర్ణత, కానీ వినికిడి భాగంలో 60కి 19 విడిగా రావాలి. నాకు మొత్తం 112 వచ్చాయి, వినికిడిలో 22. నాలుగు తగ్గి ఉంటే చదువులో వచ్చిన మార్కులన్నీ ఉండి కూడా తప్పేవాణ్ణి. కార్డులో ఒక్కో వాక్యాన్ని ఎన్నిసార్లయినా వినవచ్చు. పరీక్ష గదిలో స్పీకరు ఒక్కసారే పలుకుతుంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మన పదకొండున్నరకు, వాళ్ళ మూడు గంటలకు, ఒకాసన్‌తో మాట్లాడుతున్నాను. ఆవిడ ఆ వారం వండినవి చెబుతారు, నేను మా సంత ధరలు చెబుతాను. అర్థం కాని మాటలు చిత్తు కాగితం మీద తెలుగులో రాసుకుంటాను, సాయంత్రం అవే కార్డులవుతాయి. పోయిన వారం కాల్ ముగిస్తూ "ఇత్తె కిమసు" అన్నాను. ఇంట్లోంచి కదలని మనిషి అలా అనకూడదు, అది గుమ్మం దాటేవాళ్ళు అనే మాట. ఆవిడ ఫక్కున నవ్వి, అయినా "ఇత్తె రష్షై" అన్నారు.