బొమ్మకు వందల లైకులు, కథకు నాలుగు కామెంట్లు

ప్రశ్న: ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని రామ్, భీమ్ పాత్రలతో ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్, అంటే అభిమానులు అల్లుకునే కథలు, రాస్తున్నాను. నా స్నేహితురాలు అవే పాత్రలకు బొమ్మలు వేస్తుంది. ఆమె బొమ్మ పెట్టిన గంటలో వందల లైకులు వస్తాయి, డబ్బిచ్చి వేయించుకునేవాళ్లూ ఉన్నారు. నెలల తరబడి రాసిన నా కథకు నాలుగు కామెంట్లు వస్తే గొప్ప. అలసిపోయిన రామ్ పడవలో నిద్రపోతుంటే భీమ్ తెడ్డు వేస్తూ కూర్చునే ఘట్టం నా కథలో ఉంది. ఆమె దాన్ని బొమ్మగా వేస్తే అందరూ మెచ్చుకున్నారు కానీ, అది ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అభిమానుల్లో రచయితకు విలువ లేదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బొమ్మను చూడటానికి క్షణం చాలు, ఇరవై వేల పదాల కథను చదవడానికి గంటకు పైగా కూర్చోవాలి. పైగా బొమ్మకు భాష అడ్డురాదు. 2022 అక్టోబరులో ఈ సినిమా జపాన్‌లో విడుదలయ్యాక అక్కడి అభిమానులు వేసిన బొమ్మలను మనవాళ్లు ఎంతో మురిపెంగా పంచుకున్నారు. జపనీస్‌లో రాసిన కథలైతే మనలో ఎందరు చదవగలరు? అందువల్ల లైకులను పక్కపక్కన పెట్టి లెక్కేస్తే కథ దాదాపు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఆ లెక్కను బట్టి మీ రచన మంచిచెడ్డలను తేల్చుకోవద్దు.

వెనుకటి రోజుల్లో పరిస్థితి వేరు. 1967 ప్రాంతంలో అమెరికాలో స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ అభిమానులు సైక్లోస్టైల్ తీసి పోస్టులో పంపుకున్న పత్రికల్లో కథలదీ వ్యాసాలదే పెద్దపీట, బొమ్మలు వాటికి తోడుగా వచ్చేవి. సైన్స్ ఫిక్షన్ రంగంలో ఇచ్చే హ్యూగో పురస్కారాల్లో అభిమానుల్లోని రచయితకు, చిత్రకారుడికి చెరొక విభాగం మొదలైంది కూడా ఆ 1967లోనే. డబ్బు దగ్గర మాత్రం అప్పటికే తేడా ఉండేది: రాసినవారికి సాధారణంగా సంచిక ఒక ప్రతి ఉచితంగా అందేది, వేసినవారు అసలు బొమ్మను అభిమానుల సమావేశాల్లో వేలానికి పెట్టుకోగలిగేవారు.

ఆ తేడా ఇప్పుడు ఇంకా పెరిగింది. నిజానికి రెండూ ఇతరుల పాత్రల మీద కట్టుకున్న పనులే. అయినా ఫ్యాన్ ఆర్ట్ అమ్మకాన్ని హక్కుదారులు చాలాచోట్ల చూసీ చూడనట్టు వదిలేస్తారు, కథకు డబ్బు అడిగితే తోటి అభిమానులే అభ్యంతరం చెబుతారు. 2009లో అందరికీ తెరుచుకుని, 2019లో హ్యూగో అందుకున్న ఫ్యాన్ ఫిక్షన్ వెబ్‌సైట్ ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’లో కథ కింద విరాళాల లింకు పెట్టడం కూడా నిషిద్ధం. లాభాపేక్ష లేకపోవడం అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే ఇతరుల కృతిని పరిమితంగా వాడుకోవచ్చనే) వాదనకు బలమిస్తుంది కాబట్టి ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. టోక్యోలో 1975 నుంచి జరుగుతున్న అభిమానుల పుస్తకాల సంత కామికెట్‌లో మాత్రం, మాంగా (జపనీస్ బొమ్మల కథలు) పుస్తకాల కంటే తక్కువ సంఖ్యలోనే అయినా, అభిమానులు రాసిన నవలలు కూడా బల్లల మీద అమ్మకానికి ఉంటాయి. మనలాంటి చోట్ల రచయితకు దక్కే ప్రతిఫలమల్లా పాఠకుడి మాటే. అందుకే చదివినవారు మౌనంగా వెళ్లిపోతే రచయితకు అంత కష్టంగా ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచింది ఆ పడవ సంగతి. ఆ పడవ, ఆ నిద్ర, ఆ తెడ్డు సినిమాలో లేవు, మీరు కల్పించారు. గీత, రంగు ఆమెవి; కల్పన మీది. బొమ్మ కింద మొదటి వరుసలోనే మీ పేరు, కథ పేరు, లింకు ఉండాలి. ఇది అడగడానికి మీరు మొహమాటపడవలసిన పని లేదు, ఆమె కూడా పట్టింపు లేక కాదు, ఆ సంగతి తోచక వదిలేసి ఉండవచ్చు. మీ కథలో ఆమె బొమ్మను వాడుకున్నప్పుడు మీరూ అదే మర్యాద పాటించాలి.

అభిమానుల్లో ‘బిగ్ బ్యాంగ్’ అనే మంచి సంప్రదాయం ఒకటి ఉంది. రచయితలు పెద్ద కథ రాసి సారాంశం ఇస్తారు. చిత్రకారులు రాసినవారి పేరు తెలియకుండానే, సారాంశం చదివి తమకు నచ్చిన కథను ఎంచుకుంటారు. కథ, బొమ్మ ఒకదానికొకటి లింకుతో ఒకేసారి బయటికి వస్తాయి. మీ తర్వాతి కథకు మీరిద్దరూ ఇలాగే చేయండి: ముందు కథ ఆమె చేతికివ్వండి, ఏ ఘట్టం వేయాలో ఆమెనే ఎంచుకోనివ్వండి, రెండూ ఒకే రోజు పెట్టండి. ఈలోగా పడవ బొమ్మ కింద మీ పేరు చేర్చమని ఈ వారమే ఆమెను అడగండి.