కుక్క పట్టిన పెట్టకు ఏం చేయాలంటే

చిరంజీవి చిన్నదానికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోనులో నీ ఏడుపే తప్ప మాట సరిగ్గా వినిపించలేదు. పెట్టను కుక్క నోట్లోంచి విడిపించావనీ, రాత్రి గడిచిందనీ మాత్రం అర్థమైంది. రాత్రి గడిచిందంటే సగం గండం గడిచినట్టే. కుక్క పట్టిన కోడి చాలాసార్లు గాయం కన్నా ముందు బెదురుతోనే పోతుంది. ఇంకో రెండు రోజులు దాన్ని ఇంట్లోనే ఓ మూల గంప కింద ఉంచు. అడుగున గోనెసంచి పరిచి, గంప మీద పాత చీర కప్పు. ఊపిరాడే సందు వదులు. పిల్లలు పదిసార్లు చీర ఎత్తి చూడకుండా చూసుకో. మిగతా కోళ్లలోకి మాత్రం వదలకు. ఎర్రగా కనిపించిన చోటల్లా పొడుస్తాయి, తోటిదన్న జాలి వాటికి ఉండదు.

నువ్వు చెప్పిన వీపు మీది గాయం కంటే నాకు కనిపించని గాయాల మీదే అనుమానం. ఒకసారి మా నల్లపెట్టను కుక్క పట్టి వదిలేసింది. నాలుగు ఈకలు ఊడాయి, అంతే. సాయంత్రం నూకలు కూడా తిన్నది. మూడో రోజు చచ్చిపోయింది. రెక్క ఎత్తి చూస్తే చంకలో కోరలు దిగిన రెండు చిల్లులు, లోపల పురుగులు. ఈకలు అంతా దాచేశాయి. అందుకే పగటి వెలుగులో ఈకలను వేళ్లతో పాయలు తీసి రెక్కల కింద, తొడల దగ్గర, తోక మొదట్లో చూడు. గాయం చుట్టూ ఈకలు కత్తిరించు, పీకవద్దు. పట్టుకునేటప్పుడు రొమ్ము బిగించకు. రొమ్ము ఎముక కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుంది.

లీటరు నీళ్లు కాచి చల్లార్చి, రెండు చెంచాలకు కాస్త తక్కువగా, అంటే 9 గ్రాముల ఉప్పు కలుపు. సూది తీసేసిన సిరంజితో గాయం కడుగు. తర్వాత బెటాడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి అద్దు. కాఫీపొడి, సున్నం, కిరోసిన్ అని ఎవరైనా సలహా ఇస్తే తల ఊపి ఊరుకో. పసుపు నాకూ ఇష్టమే, కానీ లోతు గాయంలో కూరితే పైన పక్కు కట్టి లోపల చీము పడుతుంది. ఈగ వాలిందంటే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది. పూటపూటకూ చూడు.

గాయంలోంచి ఊపిరితో పాటు బుడగలు వస్తుంటే నీళ్లు చిమ్మకు, గాలితిత్తుల్లోకి పోతాయి. బుడగలు వచ్చినా, చర్మం కింద గాలి చేరినా, కాళ్లు చాపేసి వేళ్లు నొక్కినా ముడవకపోయినా, గాయం వాసన వచ్చినా పశువైద్యశాలకు తీసుకెళ్లు. వెళ్లలేకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోను చెయ్యి. మన ఇంట్లో వాడే నొప్పి మాత్రలు వేయకు. డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తే, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో అప్పుడే అడుగు.

నోరు తెరిచి నీళ్లు పోయవద్దు. నాలుక వెనకే గాలిగొట్టం ఉంటుంది. ముక్కు కొసను గిన్నెలో ముంచితే అదే తాగుతుంది. మొదటి రోజు నీళ్లలో కాస్త బెల్లం వెయ్యి. తర్వాత మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు పచ్చసొన పెట్టు. కోడికి కోడిగుడ్డా అని నవ్వకు, ఇష్టంగా తింటుంది.

విడిపించేటప్పుడు నీ చేతిని కుక్క గీరిందా? అది చెప్పనే లేదు. చిన్న గీత ఉన్నా పావుగంట సబ్బుతో కడిగి, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకో. పెట్ట సంగతి ఆ తర్వాత.

కొత్త చర్మం గట్టిపడ్డాక, చీకటి పడే వేళ మిగతా కోళ్లు గూటికి చేరాక దాన్ని వాటి మధ్యలో పెట్టు. ఈలోగా గూటి తలుపు బాగు చేయించు. ఆ కుక్క రుచి మరిగింది, మళ్లీ వస్తుంది. పెట్ట కొన్ని వారాలు గుడ్లు పెట్టకపోవచ్చు. మీ అత్తగారు గొణిగితే నా పేరు చెప్పు.

మీ పెద్దమ్మ